నేల మారితే ఆట మారుతుంది: టెన్నిస్ కోర్టు ఉపరితలాల చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• కోర్టు ఉపరితలం మారినప్పుడు బంతి నడకా, ఆటగాడి కదలికా ఎందుకు మారతాయో వివరించగలుగుతారు.
• 1974 నుంచి 1988 వరకు ప్రధాన టెన్నిస్ పోటీల్లో వచ్చిన ఉపరితల మార్పులనూ, వాటి ఫలితాలనూ తెలుసుకుంటారు.
• ఒక చారిత్రక మార్పుకు ఒకే కారణం చెప్పడంలో ఉన్న ప్రమాదాన్ని గుర్తించగలుగుతారు.
• నేలను ఎంచుకునే అధికారం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్నను భారతీయ, తెలుగు అనుభవాల వెలుగులో చర్చించగలుగుతారు.

1. పరిచయం

గుంటూరు, ప్రకాశం మైదానంలో పుట్టి పెరిగినవారికి నేల గురించి ఎవరూ కొత్తగా పాఠం చెప్పనక్కరలేదు. వానాకాలంలో చెప్పును వదలని నల్లరేగడి, వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పత్తి వేరుకు తేమను దాచిపెట్టే ఆ గుణమే ఇంటి గోడను బీటలు వారుస్తుంది. అందుకే ఇక్కడి రైతు పంట పండించడానికి ఒక నేలను, పండిన పంటను ఆరబెట్టడానికి మరొక నేలను ఎంచుకుంటాడు. మిరప కల్లానికి మెరక చూస్తారు. చదును చేసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, పేడతో అలుకుతారు. కాయ కింద నేల గట్టిగా, పొడిగా, దుమ్ము లేవకుండా ఉండాలి.

ఈ కల్లాన్ని మనసులో ఉంచుకోండి. మన దేశంలో చాలాకాలం ఎన్నో టెన్నిస్ కోర్టులు తయారైంది దాదాపు ఇదే పద్ధతిలో. మట్టిని చదును చేసి, రోలరు తిప్పి, పేడ నీళ్లతో అలికి, సున్నంతో గీతలు గీసేవారు. అలాంటి కోర్టు మీద ఆడిన చెయ్యి ఒక రకంగా తయారవుతుంది. లండన్ పచ్చిక మీద ఆడిన చెయ్యి మరొక రకంగా తయారవుతుంది. న్యూయార్క్ హార్డ్ కోర్టు మీద ఆడిన చెయ్యి ఇంకొక రకంగా తయారవుతుంది.

ఆటల చరిత్ర చెప్పేటప్పుడు మనం సాధారణంగా విజేతల పేర్లూ, సంవత్సరాలూ చెబుతాం. వారి కాళ్ల కింద ఉన్న నేల గురించి అంతగా మాట్లాడం. ఈ భాగంలో ఆ నేలనే ప్రధాన విషయంగా తీసుకుందాం. నేల ఎందుకు మారింది? ఎవరు మార్చారు? ఆ మార్పు ఎవరికి కలిసివచ్చింది, ఎవరికి నష్టం తెచ్చింది? ఇవే మన ప్రశ్నలు.

2. బంతికీ నేలకూ మధ్య జరిగేది

బంతి నేలను తాకే క్షణం చాలా చిన్నది. ఆ క్షణంలో రెండు పనులు జరుగుతాయి. మొదటిది ఘర్షణ. నేల గరుకుగా ఉంటే బంతి ముందుకు పోయే వేగాన్ని ఎక్కువగా పట్టి ఆపుతుంది. రెండవది బంతి తిరిగి పైకి లేవడం. కొన్ని నేలలు బంతిని ఎత్తుగా లేపుతాయి, కొన్ని అణగదొక్కినట్టు తక్కువ ఎత్తులోనే పంపుతాయి.

పచ్చిక మీద ఘర్షణ తక్కువ. బంతి జారినట్టుగా, తక్కువ ఎత్తులో, వేగం పెద్దగా కోల్పోకుండా దూసుకువస్తుంది. అవతలివారికి ఆలోచించే వ్యవధి తక్కువ. అందువల్ల బలమైన సర్వీసు చేసి, వెంటనే వల దగ్గరకు పరుగెత్తి, బంతి నేలను తాకకముందే కొట్టే ఆటగాడికి పచ్చిక అనుకూలం. దీన్నే సర్వ్ అండ్ వాలీ పద్ధతి అంటారు.

మట్టి కోర్టు మీద కథ వేరు. పైన ఉన్న వదులు పొడి బంతిని పట్టి ఆపుతుంది. బంతి నెమ్మదించి, ఎత్తుగా లేస్తుంది. బంతిని కింది నుంచి పైకి రుద్దినట్టు కొట్టి తిప్పితే, అంటే టాప్‌స్పిన్ ఇస్తే, అది ప్రత్యర్థి భుజం దాకా ఎగురుతుంది. పచ్చిక మీద పాయింటు తెచ్చే దెబ్బ ఇక్కడ తిరిగి వస్తుంది. కాబట్టి వెనుక గీత దగ్గర నిలబడి, ఓపికగా, ఒక్కో పాయింటు కోసం పది ఇరవై దెబ్బలు ఆడగలిగినవారికి మట్టి అనుకూలం. కాంక్రీటు లేదా తారు పునాది మీద ఇసుక కలిపిన యాక్రిలిక్ రంగుపూత వేసిన హార్డ్ కోర్టు ఈ రెండింటికీ మధ్యస్థం. పూతలో ఇసుక పాళ్లు మార్చి దాని వేగాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు.

కదలిక కూడా మారుతుంది. మట్టి మీద ఆటగాడు జారుతూ బంతిని చేరుకుంటాడు. పచ్చిక మీద చిన్న చిన్న అడుగులు వేస్తూ, ఒళ్లు వంచి ఆడతాడు. హార్డ్ కోర్టు మీద కాలు ఒక్కసారిగా ఆగుతుంది, ఆ అదురు మడమకూ మోకాలికీ చేరుతుంది. అందుకే మూడు నేలలకూ మూడు రకాల అడుగులున్న బూట్లు ఉంటాయి.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కోర్టుల వేగాన్ని కొలిచి అయిదు తరగతులుగా విభజించింది. ఘర్షణనూ, బంతి లేచే తీరునూ లెక్కగట్టి ఒక అంకె ఇస్తారు. ఆ అంకె 29 లేదా అంతకన్నా తక్కువైతే నెమ్మది కోర్టు. 30 నుంచి 34 మధ్య అయితే మధ్యస్థ నెమ్మది, 35 నుంచి 39 అయితే మధ్యస్థం, 40 నుంచి 44 అయితే మధ్యస్థ వేగం, 45 లేదా ఆపైన అయితే వేగవంతమైన కోర్టు. మట్టి కోర్టులు సాధారణంగా మొదటి తరగతిలోనూ, పచ్చిక కోర్టులు చివరి తరగతిలోనూ ఉంటాయి.

నేల ప్రభావాన్ని కళ్లకు కట్టేలా చూపించడానికి 2007 మే 2న స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో ఒక ప్రదర్శన మ్యాచ్ జరిపారు. వలకు ఒక వైపు మట్టి, మరొక వైపు పచ్చిక. అప్పటికి రఫెల్ నాదల్ మట్టి మీద వరుసగా 72 మ్యాచ్‌లు, రోజర్ ఫెదరర్ పచ్చిక మీద వరుసగా 48 మ్యాచ్‌లు గెలిచి ఉన్నారు. వైపు మారిన ప్రతిసారీ బూట్లు మార్చుకునేందుకు వారికి అదనపు సమయం ఇచ్చారు. నాదల్ 7-5, 4-6, 7-6 తో గెలిచాడు. అది వినోదం కోసం ఆడిన ఆటే. అయినా ప్రపంచంలోని ఇద్దరు అత్యుత్తమ ఆటగాళ్లు అడుగు వేయడానికి కూడా తడబడ్డారంటే, నేల ఎంత మాట చెల్లించుకుంటుందో మీరు ఊహించవచ్చు.

3. పచ్చిక నుంచి మట్టికి

వాల్టర్ వింగ్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1874లో పచ్చిక మీద ఆడే టెన్నిస్‌కు పేటెంటు పొందాడు. 1877లో వింబుల్డన్ పోటీలు మొదలయ్యాయి. ఇంగ్లండు చల్లని, తేమ వాతావరణంలో పచ్చిక దానంతట అదే పెరుగుతుంది. ఆట పుట్టిన చోట దొరికిన నేలే ఆటకు సహజమైన నేల అన్న భావన స్థిరపడింది.

ఆ ఆట ఎండ ప్రాంతాలకు వెళ్లగానే చిక్కు మొదలైంది. 1880 ప్రాంతంలో వింబుల్డన్ విజేత విలియం రెన్‌షా దక్షిణ ఫ్రాన్సులోని కాన్ పట్టణంలో ఆడేటప్పుడు అక్కడి ఎండకు పచ్చిక మాడిపోతుండేదనీ, దగ్గరి ఊళ్లోని కుండల కార్ఖానాల్లో పనికిరాకుండా పోయిన మట్టి పాత్రలను పొడి చేయించి కోర్టు మీద పరిపించాడనీ చెబుతారు. ఎర్రమట్టి కోర్టు పుట్టుకకు చెప్పే ప్రసిద్ధ కథ ఇది. అంటే మట్టి కోర్టు ఒక శైలి కోసం పుట్టలేదు. ఎండకు తట్టుకోలేని పచ్చికకు ప్రత్యామ్నాయంగా పుట్టింది. శైలి ఆ తరువాత వచ్చింది.

1928లో పారిస్‌లో రోలాండ్ గారోస్ స్టేడియం ప్రారంభమైంది. అక్కడి కోర్టును పైనుంచి చూస్తే అంతా ఎర్రమట్టిలా కనబడుతుంది. నిజానికి ఆ ఎరుపు ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న ఇటుక పొడి మాత్రమే. దాని కింద తెల్లటి సున్నపురాయి పొర, దాని కింద బొగ్గు చిట్టెం, ఆ కింద కంకర, అడుగున రాళ్లు ఉంటాయి. నీటిని పట్టి ఉంచేది సున్నపురాయి పొర, అధిక నీటిని కిందికి వదిలేవి మిగతా పొరలు. మన ప్రాంతపు ఇటుక బట్టీలు, పిడుగురాళ్ల సున్నపురాయి, చీమకుర్తి గ్రానైటు కంకర గుర్తు చేసుకోండి. ఆ కోర్టుకు కావలసిన సరుకులో చాలా భాగం మన ప్రాంతంలోనే దొరుకుతుంది. దొరకనిది ఒకటే: కిందనున్న నేల కదలకుండా ఉండడం.

4. అమెరికా ఓపెన్: అయిదేళ్లలో మూడు నేలలు

చరిత్రకారుడికి ప్రయోగశాల ఉండదు. ఒక్కొక్కసారి గతమే ఒక ప్రయోగాన్ని చేసి పెడుతుంది. అమెరికా ఓపెన్ అలాంటిది. 1974 వరకు ఈ పోటీ ఫారెస్ట్ హిల్స్‌లో పచ్చిక మీద జరిగింది. 1975, 1976, 1977 సంవత్సరాల్లో అదే చోట, రాతి పొడితో చేసిన హార్-ట్రూ అనే ఆకుపచ్చని మట్టి కోర్టు మీద జరిగింది. 1978లో పోటీ ఫ్లషింగ్ మెడోస్‌కు మారి హార్డ్ కోర్టు మీద మొదలైంది. ఒకే దేశం, ఒకే నగరం, దాదాపు అదే ఆటగాళ్లు. మారింది ముఖ్యంగా నేల.

ఫలితాలు చూడండి. 1974లో పచ్చిక మీద పురుషుల విజేత జిమ్మీ కానర్స్. మరుసటి ఏడాది మట్టి మీద స్పెయిన్ ఆటగాడు మాన్యుయెల్ ఒరాంటెస్ ఫైనల్లో అదే కానర్స్‌ను వరుస సెట్లలో ఓడించాడు. 1977లో అర్జెంటీనాకు చెందిన గిలెర్మో విలాస్ కానర్స్‌పై గెలిచాడు. ఇద్దరూ మట్టి కోర్టుల దేశాల నుంచి వచ్చినవారే. మహిళల్లో క్రిస్ ఎవర్ట్ 1971 నుంచి 1974 వరకు నాలుగేళ్లూ పచ్చిక మీద సెమీఫైనల్ దగ్గరే ఆగిపోయింది. మట్టి వచ్చిన 1975లో గెలిచింది, 1976లోనూ 1977లోనూ గెలిచింది. 1973 ఆగస్టు నుంచి 1979 మే వరకు ఆమె మట్టి కోర్టుల మీద వరుసగా 125 మ్యాచ్‌లు గెలిచింది.

ఇక్కడితో ఆగితే, నేలే విజేతను నిర్ణయిస్తుందని రాసేయవచ్చు. అయితే మిగతా సాక్ష్యాన్ని కూడా చూడాలి. కానర్స్ 1976లో మట్టి మీద బ్యోర్న్ బోర్గ్‌ను ఓడించి గెలిచాడు, 1978లో హార్డ్ కోర్టు మీద మళ్లీ గెలిచాడు. ఒకే పోటీని మూడు నేలల మీద గెలిచిన ఘనత అతనిది. ఎవర్ట్ 1974లోనే వింబుల్డన్ పచ్చిక మీద గెలిచింది, 1978లో హార్డ్ కోర్టు మీదా గెలిచింది. ఆరుసార్లు ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన బోర్గ్ అమెరికా మట్టి మీద ఒక్కసారి కూడా గెలవలేకపోయాడు.

కాబట్టి మనం చెప్పగలిగింది ఇది: నేల తలుపు తెరుస్తుంది లేదా మూస్తుంది. లోపలికి నడిచేది ఆటగాడే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
అ) బంతి నేలను తాకినప్పుడు జరిగే రెండు పనులేవి?
ఆ) అమెరికా ఓపెన్‌ను నేల మార్పు అధ్యయనానికి మంచి ఉదాహరణగా ఎందుకు తీసుకున్నాం?

5. వింబుల్డన్ 2001: ఒకే కారణం చాలదు

పచ్చిక అంటే కూడా ఒకటే పచ్చిక కాదు. 2001కి ముందు వింబుల్డన్ కోర్టుల్లో 70 శాతం రై గడ్డి, 30 శాతం ఫెస్క్యూ గడ్డి కలిపి పెంచేవారు. 2001 నుంచి నూటికి నూరు శాతం రై గడ్డి వేశారు. రెండు వారాల పోటీని తట్టుకునే గట్టిదనం కోసం ఈ మార్పు చేశారు. కోర్టు గట్టిపడింది. బంతి మునుపటికన్నా ఎత్తుగా, నమ్మకంగా లేస్తోందని ఆటగాళ్లు గమనించారు. 2002 పురుషుల ఫైనల్లో లీటన్ హెవిట్, డేవిడ్ నల్బాండియన్ ఇద్దరూ వెనుక గీత దగ్గరి నుంచే ఆడారు. పీట్ సంప్రాస్ సర్వ్ అండ్ వాలీతో ఏడుసార్లు గెలిచిన కోర్టు మీద రెండేళ్లకే ఆ దృశ్యం కనబడటం చాలామందిని ఆశ్చర్యపరిచింది.

దీనంతటికీ గడ్డే కారణమా? ఇక్కడ మీరు జాగ్రత్తపడాలి. అదే కాలంలో రాకెట్లు తేలికై, వాటి తల వెడల్పైంది. 1997లో గుస్తావో కుయెర్టెన్ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచినప్పుడు అతని రాకెట్‌లో ఉన్న పాలియెస్టర్ తీగలు, ఆ తరువాతి సంవత్సరాల్లో ఆటగాళ్లందరికీ చేరాయి. వాటితో బంతికి ఎక్కువ తిప్పు ఇవ్వవచ్చు. వల దగ్గరకు వచ్చిన ప్రత్యర్థి పాదాల దగ్గర బంతిని దించవచ్చు. ఆటగాళ్ల శిక్షణ కూడా హార్డ్ కోర్టుల మీదే ఎక్కువగా సాగింది. సర్వ్ అండ్ వాలీ తగ్గడానికి గడ్డి, తీగ, రాకెట్, శిక్షణ నాలుగూ కలిసి పనిచేశాయి. మిరప దిగుబడి తగ్గిన ఏడు విత్తనాన్నొక్కదాన్నే తప్పుపట్టలేం. వానను, తెగులును, ఎరువును కూడా చూస్తాం. చరిత్రకూ అదే వివేకం కావాలి.

6. నేలను ఎంచుకునే హక్కు

ఇప్పటిదాకా నేల ఏం చేస్తుందో చూశాం. ఇక దాన్ని ఎవరు ఎంచుకుంటారన్న ప్రశ్నకు వద్దాం.

1974 నాటికి నాలుగు ప్రధాన పోటీల్లో మూడు పచ్చిక మీదే జరిగేవి: ఆస్ట్రేలియా, వింబుల్డన్, అమెరికా. 1969లో రాడ్ లేవర్ నాలుగూ గెలిచినప్పుడు వాటిలో మూడు పచ్చిక మీద గెలిచినవే. 1975లో అమెరికా పచ్చికను వదిలింది. 1988లో ఆస్ట్రేలియా ఓపెన్ కూయాంగ్ పచ్చికను వదిలి మెల్‌బోర్న్‌లోని కొత్త హార్డ్ కోర్టులకు మారింది. పదునాలుగేళ్లలో మూడు పచ్చిక పోటీల్లో ఒక్కటే మిగిలింది. పచ్చిక సంరక్షణ కష్టం, బంతి ఎక్కడ ఎలా లేస్తుందో చెప్పలేకపోవడం, టెలివిజన్‌లో సుదీర్ఘమైన ఆట చూపాలన్న కోరిక, పెద్ద స్టేడియంల అవసరం, ఇవన్నీ ఆ మార్పు వెనుక ఉన్నాయి.

ఈ నిర్ణయాలు జరిగిన గదుల్లో భారతదేశం లేదు. వాటి ప్రభావం మాత్రం మన మీద పడింది. మన దేశపు గొప్ప ఆటగాళ్ల బలం పచ్చిక. రామనాథన్ కృష్ణన్ 1960, 1961 సంవత్సరాల్లో వింబుల్డన్ సెమీఫైనల్ చేరాడు. విజయ్ అమృత్‌రాజ్ 1973లో వింబుల్డన్ క్వార్టర్‌ఫైనల్, అదే ఏడాదీ మరుసటి ఏడాదీ అమెరికా ఓపెన్ క్వార్టర్‌ఫైనల్ చేరాడు. 1973లో అమెరికాలో లేవర్‌ను, 1974లో బోర్గ్‌ను ఓడించాడు. అవన్నీ పచ్చిక మీద జరిగినవే. 1975లో ఆ పచ్చిక అక్కడ లేదు.

డేవిస్ కప్ నియమం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ఆ పోటీలో ఆతిథ్యమిచ్చే దేశమే నేలను ఎంచుకుంటుంది. 1987లో భారత్ ఢిల్లీ పచ్చిక మీద అర్జెంటీనాను 3-2తో ఓడించింది. మట్టి మీద పెరిగిన మార్టిన్ జైటేపై విజయ్ అమృత్‌రాజ్ రెండు సెట్లు వెనుకబడి కూడా గెలిచాడు. సెమీఫైనల్ సిడ్నీలో, మళ్లీ పచ్చిక మీద. నిర్ణాయకమైన చివరి మ్యాచ్‌లో రమేశ్ కృష్ణన్ వాలీ మసూర్‌ను ఓడించగా భారత్ ఆస్ట్రేలియాపై 3-2తో గెలిచింది. ఫైనల్ డిసెంబరులో, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో. స్వీడన్ కప్పు కింద మట్టి కోర్టు వేయించింది. ఫ్రెంచ్ ఓపెన్ విజేత మాట్స్ విలాండర్ ఉన్న జట్టు 5-0తో గెలిచింది. స్వీడన్ నియమాన్ని ఉల్లంఘించలేదు. భారత్ ఢిల్లీలో చేసిందే స్వీడన్ గోథెన్‌బర్గ్‌లో చేసింది. నేల ఎవరి చేతిలో ఉందో వారికి ఆట సగం దగ్గరవుతుందని ఆ ఏడాది రెండు విధాలా రుజువైంది.

ఇదే పాఠాన్ని మన దేశం హాకీలో అంతకుముందే నేర్చుకుంది. 1975లో కౌలాలంపూర్‌లో పచ్చిక మీద ప్రపంచ కప్ గెలిచిన భారత్, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి కృత్రిమ మైదానం మీద ఆడి ఏడో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ హాకీలో పతకం లేకుండా భారత్ తిరిగి రావడం అదే మొదటిసారి. అక్కడ కూడా నేల ఒక్కటే కారణం కాదు. అయితే కృత్రిమ మైదానాలు వేసుకోగలిగిన దేశాల పిల్లలు వాటి మీద పెరిగారు. మన పిల్లలు గడ్డి మీద పెరిగారు.

నేల గురించి ఆటగాళ్ల మాట చెల్లిన సందర్భమూ ఉంది. 2012లో మాడ్రిడ్ పోటీ నిర్వాహకులు టెలివిజన్‌లో బంతి బాగా కనబడుతుందని నీలిరంగు మట్టి వేశారు. అది జారుతోందని నాదల్, నొవాక్ జొకోవిచ్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. మరుసటి ఏడాదికి నీలిమట్టిని అనుమతించలేదు. కానీ ఆ మాట చెల్లింది వారు అగ్రస్థానంలో ఉన్నవారు కాబట్టి. చిన్న పోటీల్లో ఆడేవారికి, శిక్షణ పొందే పిల్లలకు అలాంటి గొంతు ఉండదు.

7. తెలుగు ఆటగాళ్ల అనుభవం

తెలుగు ప్రాంతపు ఆటగాళ్లు మొదటినుంచీ తాము పెరిగిన నేల నుంచి వేరే నేలకు మారవలసి వచ్చినవారే. హైదరాబాదుకు చెందిన సయ్యద్ మహమ్మద్ హాదీ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున టెన్నిస్ ఆడాడు. కేంబ్రిడ్జి పచ్చిక మీద ఆడినవాడు ఒలింపిక్స్‌లో పారిస్ మట్టి మీద ఆడాడు. రంజీ ట్రోఫీ క్రికెట్‌లో మొట్టమొదటి శతకం చేసిందీ ఆయనే.

మన కాలంలో ఈ కథకు ముఖ్యమైన ఉదాహరణ సానియా మీర్జా. చిన్నప్పుడు హైదరాబాదులో పేడతో అలికిన కోర్టుల మీద ఆట నేర్చుకున్నానని ఆమె పలు సందర్భాల్లో చెప్పారు. 2003లో వింబుల్డన్ పచ్చిక మీద బాలికల డబుల్స్ గెలిచారు. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ హార్డ్ కోర్టు మీద సింగిల్స్ టైటిల్ గెలిచి, ఆ స్థాయి టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యారు. అదే సంవత్సరం అమెరికా ఓపెన్ హార్డ్ కోర్టు మీద నాలుగో రౌండు చేరారు. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో 27వ ర్యాంకు అందుకున్నారు.

ఆమె ఫోర్‌హ్యాండ్ గట్టిది, బంతిని ఎక్కువ తిప్పకుండా నేరుగా కొట్టేది. హార్డ్ కోర్టు ఆ దెబ్బకు తగిన వేగాన్నిచ్చింది. మట్టి అదే దెబ్బను నెమ్మదింపజేసింది. ఫ్రెంచ్ ఓపెన్ సింగిల్స్‌లో ఆమె రెండో రౌండు దాటలేదు. డబుల్స్‌లో 2015 ఏప్రిల్‌లో ప్రపంచ మొదటి ర్యాంకు సాధించి, మార్టినా హింగిస్‌తో కలిసి 2015లో వింబుల్డన్, అమెరికా ఓపెన్, 2016లో ఆస్ట్రేలియా ఓపెన్ గెలిచారు. మహిళల డబుల్స్‌లో మిగిలిపోయిన ఒక్కటి ఫ్రెంచ్ ఓపెన్. 2011లో ఎలెనా వెస్నినాతో అక్కడ ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయారు. అయితే 2012లో మహేశ్ భూపతితో కలిసి అదే మట్టి మీద మిక్స్‌డ్ డబుల్స్ గెలిచారు. డబుల్స్‌లో పాయింట్లు పొట్టివి, వల దగ్గరి ఆట ఎక్కువ. అందువల్ల నేల ప్రభావం కొంత తగ్గుతుంది.

ఆమెకు మణికట్టుకూ మోకాళ్లకూ శస్త్రచికిత్సలు జరిగాయి. వాటికి హార్డ్ కోర్టే కారణమని మనం తీర్మానించలేం. ఏడాదిలో ఎన్ని వారాలు, ఏ నేల మీద, ఎంత విరామంతో ఆడుతున్నారన్నది మాత్రం అడగదగిన ప్రశ్న.

మన పొరుగున ఉన్న కృష్ణా జిల్లాకు చెందిన సాకేత్ మైనేని 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. 2016లో అమెరికా ఓపెన్ ప్రధాన పోటీకి అర్హత సాధించి, తొలి రౌండులో జిరి వెసెలీతో అయిదు సెట్లు పోరాడి ఓడాడు. పొడవైన మనిషి, గట్టి సర్వీసు. అతని ప్రధాన విజయాలు కూడా హార్డ్ కోర్టులవే.

8. మన పట్టణంలో కోర్టు

ఇప్పుడు మొదట చెప్పిన కల్లానికి తిరిగి వద్దాం. నల్లరేగడిలో ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను నీటిని పొరల మధ్యకు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దాని మీద నేరుగా ఏ కోర్టు వేసినా నిలవదు. మట్టి కోర్టైతే వేసవికి బీటలిస్తుంది, కాంక్రీటు కోర్టైతే పలక లేచి పగులుతుంది. అందుకే ఇక్కడ ముందు రేగడిని తవ్వి తీసి, గ్రావెల్ నింపి, రోలరుతో దట్టించి, నీరు పోయే వాలు ఇవ్వాలి. రోడ్డు వేసేవారికీ, ఇల్లు కట్టేవారికీ తెలిసిన పనే ఇది.

పేడతో అలికిన కోర్టు కట్టడానికి చవక, కాపాడడానికి శ్రమ. తెల్లవారుజామున నీళ్లు చల్లాలి, రోలరు తిప్పాలి, గీతలు గీయాలి, వానాకాలంలో మూసేయాలి. ఆ పని చేసే మనుషులుండేవారు. క్లబ్బుల్లో వారిని మార్కర్లు అనేవారు. సభ్యులకు బంతి అందించి, వారితో ఆడి, కోర్టును చూసుకున్నది వారే. హార్డ్ కోర్టు కట్టడానికి ఖర్చు, రోజువారీ శ్రమ తక్కువ, వాన వెలిసిన కొద్దిసేపటికే ఆడవచ్చు. అంతర్జాతీయ పోటీలు ఎక్కువగా ఆ నేల మీదే కాబట్టి పిల్లల శిక్షణకూ అది అవసరం. కానీ మన మే నెల ఎండలో అది పెనంలా కాలుతుంది, ఎదిగే పిల్లల మోకాళ్లకు విశ్రాంతినివ్వదు. కోర్టును చూసుకునే మనిషి పని కూడా దానితో తగ్గిపోయింది.

మిరప కల్లం కూడా ఇలాగే మారుతోంది. మట్టి కల్లం మీద ఆరిన కాయకు దుమ్ము, బూజు అంటుతాయని పట్టాల మీదా, సిమెంటు కల్లాల మీదా ఆరబెట్టమంటున్నారు. అది మంచి సలహా. కానీ కల్లం మార్చుకోగలిగిన రైతుకే మంచి ధర దక్కితే, మార్చుకోలేని కౌలు రైతు గతి ఏమిటని మనం అడుగుతాం. టెన్నిస్‌లోనూ అడగవలసింది అదే. ప్రపంచం హార్డ్ కోర్టుకు మారినప్పుడు, ఆ కోర్టు ఉన్న ఊరి పిల్లకూ, లేని ఊరి పిల్లకూ మధ్య దూరం పెరుగుతుంది. ప్రతిభ నరసరావుపేటలోనూ ఉండవచ్చు, కందుకూరులోనూ ఉండవచ్చు. దానికి కాలు మోపే నేల కావాలి.

9. సారాంశం

టెన్నిస్ ఇంగ్లండు పచ్చిక మీద పుట్టి, ఎండ దేశాల్లో మట్టి మీదకు, ఆ తరువాత హార్డ్ కోర్టుల మీదకు వ్యాపించింది. 1974లో మూడు ప్రధాన పోటీలు పచ్చిక మీద జరిగేవి, 1988 నుంచి ఒక్కటే మిగిలింది. నేల మారినప్పుడల్లా కొన్ని శైలులకు విలువ పెరిగింది, కొన్నింటికి తగ్గింది. అయితే రాకెట్, తీగ, శిక్షణ వంటి కారణాలను కూడా కలిపి చూడాలి. కానర్స్, ఎవర్ట్ వంటివారు నేల మార్పును జయించారు. 1987 డేవిస్ కప్ నేలను ఎంచుకునే హక్కు ఎంత బలమైనదో చూపింది. సానియా మీర్జా ప్రయాణం పేడకోర్టు నుంచి హార్డ్ కోర్టుకు జరిగిన మార్పును ఒక జీవితంలోనే చూపుతుంది. నేల మార్పు సాంకేతిక విషయంగా కనబడినా, దాని వెనుక డబ్బు, వాతావరణం, అధికారం ఉన్నాయి.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
అ) రోలాండ్ గారోస్ కోర్టులోని పొరలను తెలపండి.
ఆ) నల్లరేగడి మీద కోర్టు నిర్మాణం ఎందుకు కష్టం?

వ్యాసరూప ప్రశ్నలు
అ) 'నేల తలుపు తెరుస్తుంది లేదా మూస్తుంది, లోపలికి నడిచేది ఆటగాడే.' అమెరికా ఓపెన్ ఉదాహరణతో చర్చించండి.
ఆ) 1974-1988 మధ్య జరిగిన ఉపరితల మార్పులు భారత టెన్నిస్‌పై చూపిన ప్రభావాన్ని అంచనా వేయండి.

క్షేత్ర అభ్యాసం
మీ పట్టణంలోని కళాశాల లేదా క్లబ్బు టెన్నిస్ కోర్టుకు వెళ్లండి. అది ఎప్పుడు, దేనితో వేశారో, అంతకుముందు ఏ నేల ఉండేదో తెలుసుకోండి. వీలైతే పాత రోజుల్లో ఆ కోర్టుకు నీళ్లు చల్లి, గీతలు గీసిన మనిషిని వెతికి మాట్లాడండి. ఆయన చెప్పినదాన్ని ఆయన మాటల్లోనే రాసుకుని, తేదీ వేసి భద్రపరచండి. విజేతల పేర్లు రికార్డు పుస్తకాల్లో ఉంటాయి. కోర్టును తయారుచేసినవారి మాట మీరు రాసుకుంటేనే మిగులుతుంది.